కటింగు మాస్టరు కాగితం చక్రాలు

మా వరసలో చివరింటి కటింగు మాస్టరు అంకెల జూదం నడుపుతున్నాడన్న మాట ఎవరు పుట్టించారో గాని, పాలవాడి దాకా పాకింది. ఆయన చెత్తబుట్టలో అంకెల చక్రాలు కనబడ్డాయట. చక్రం కనబడితే జూదమేనా? నేను చదివింది అయిదో తరగతే అయినా, ఒక సంగతి చెవిన పడితే దాని మొదలేదో తేలేదాకా నాకు ముద్ద దిగదు. ఆ ఇంట్లోకి చనువుగా వెళ్లేది కూడా నేనొక్కదాన్నే. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాస్టరు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల గుడ్డ కోస్తాడు. దొంతర మీద కత్తి పెడితే చెయ్యి వెంట్రుకవాసి పక్కకు పోదంటారు. ఆయన భార్యను మేమంతా కెప్టెనమ్మ అంటాం. దానికి కారణం వాళ్ల కంప్యూటర్లోని జలాంతర్గామి ఆట. నీళ్ల అడుగున నక్కి, పైన పోయే ఓడను గొట్టంలోంచి చూసి, గురిపెట్టి ముంచాలి. ముంచేది ఆవిడే. ఓడ ఎంత దూరంలో ఉందో, ఎంత జోరుగా పోతోందో ముందు లెక్క కట్టాలి. అడిగితే ఆ లెక్క కంప్యూటరే కట్టి పెడుతుంది. ఆవిడ ఒప్పుకోలేదు.

"అదే చూసి, అదే లెక్కేసి, అదే కొడితే మధ్యలో మనమెందుకు, దిష్టిబొమ్మల్లాగా?" అందట మొగుడితో.

అలా పుట్టాయి కాగితం చక్రాలు. పెద్ద చక్రం మీద చిన్న చక్రం, రెండూ కలిపి మధ్యలో చొక్కాలకు వేసే ప్రెస్ బటన్. గొట్టంలో ఓడ ఎంత ఎత్తుగా కనబడితే ఆ అంకె దగ్గరికి చిన్నది తిప్పాలి. ఎంత దూరమో బాణం గుర్తు చెబుతుంది. మాస్టరు వాటిని కంప్యూటర్లో గీసి, జిరాక్సు షాపులో అచ్చు తీయించి, అట్టకు అంటించి కోసేవాడు. ఆ బొమ్మలు నెట్లో పెడితే, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అచ్చు తీసుకుని ఆడుకుంటున్నామని రాశారట. ఇంట్లో మాత్రం అంచు కాస్త ఎగుడుదిగుడై చక్రం పట్టేసిందా, గోడకు ఇవతల నాకు వినబడేది.

"ఊరందరి చొక్కాలూ కోస్తావు, పెళ్లానికి గుండ్రంగా ఒక్క అట్ట కోసివ్వలేవూ?"

పోయినేడు ఆవిడకు మతిమరుపు పట్టుకుంది. మొదట పొయ్యి ఆర్పడం మరిచేది. తర్వాత నన్నే "ఎవరి కోసమమ్మా?" అని అడిగింది. ఏ అంకె చూడాలో తెలియక గురి తప్పేది. మాస్టరు అంకెలు పెద్దవి చేశాడు. తర్వాత సగం తీసేశాడు. ఆపైన అంకెలే లేకుండా రంగులు వేశాడు. పోయిన జ్ఞాపకం ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడని నాతో చెప్పి, వెళ్లి మళ్లీ కాగితం ముందు కూర్చున్నాడు.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ చక్రాన్ని తిరగేసి పట్టుకుని, తెల్లగా ఉన్న వైపు చూస్తూ తిప్పుతోంది. అయినా ఓడ మునిగింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. మాస్టరు మొహం ఓడతోపాటే మునిగింది. గుమ్మం దాకా వచ్చి నాకు అసలు సంగతి చెప్పాడు: ఆ పూట లెక్క కంప్యూటరుకే వదిలేశాడట. పసిగట్టి దులిపేస్తుందని ఆశపడ్డాడట.

చెత్తబుట్టలో చక్రాలు పడటం ఆ తర్వాతే మొదలైంది. నేనూ తీసి చూశాను, చూడకుండా ఉంటానా? ప్రతిదాని అంచూ ఎలుక కొరికినట్టుంది. ఫ్యాక్టరీలో ఆరా తీస్తే, ఆయన కోతలో ఏ తేడా రాలేదన్నారు. ఇక ఉండబట్టలేక వెళ్లి అడిగేశాను.

"ఏం తమ్ముడూ, అక్కడ గీత గీసినట్టు కోస్తావుట, ఇంట్లో ఈ వంకర కోతలేమిటి?"

ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, ఆవిడ కూర్చున్న గదివైపు ఒకసారి చూశాడు.

"సరిగ్గా కోస్తే తనెప్పుడూ ఏమీ అనేది కాదక్కా. వంకరపోతేనే తిట్టేది. అందుకే వంకరగా కోసి చేతికిస్తున్నా. అటూ ఇటూ తిప్పి చూసి, 'బాగుందండీ' అంటోంది."