అల్లుడికి పెట్టిన నల్లెముక

మా ఇంట్లో పొట్టేలు కూర ఉడికితే నల్లెముక ఎవరి కంచంలో పడాలన్నది నేను కాపురానికి వచ్చేనాటికే తేలిపోయిన సంగతి. అల్లుడొస్తే అల్లుడికి, లేని రోజు ఇంటాయనకు. లోపల మూలుగ నిండుగా ఉండే ఆ ఒక్క ఎముక కోసం మాంసం అంగడాయనతో నేనే పోట్లాడి తెచ్చేదాన్ని.

కూతురి పెళ్ళయిన నెలకు కొత్తల్లుడు తడ దగ్గర తను పనిచేసే కంపెనీ నుంచి సత్యవేడుకు, మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చాడు. నల్లెముక ఏరి అతని అన్నం మీద పెట్టాను. రెండు వేళ్ళతో దాన్ని పక్కకు జరిపి, "కొవ్వు తినకూడదత్తా, డైట్‌లో ఉండాను" అన్నాడు. మా వైపు అల్లుడు నల్లెముక తోసేశాడంటే మర్యాదలో ఏదో లోటు జరిగిందనే అర్థం. ఆ కోపం రేపు నా బిడ్డ మీద చూపిస్తాడేమోనని భయం. కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగాను.

"కోపమూ లేదు, పాడూ లేదుమా. లావైపోతానని ఆయనకు భయం, అంతే" అంది. నేను నమ్మలేదు.

రెండోసారి వస్తున్నాడని తెలిసి అతితెలివికి పోయాను. ఎముక లేని మెత్తటి మాంసమే కొట్టించి, నూనె వేసీ వేయనట్టు వండాను. ఈసారి ఆ పెద్దమనిషి అన్నం గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు. కూరంతా గరిటెతో వెతికి, "నల్లి లేదా అత్తా?" అన్నాడు. ఇప్పుడు కొవ్వే మందట, అన్నమే విషమట. ఆదిమానవులు ఎముకలు పగలగొట్టి మూలుగ తిని ఎంత బలంగా బతికారో అరగంట చెప్పాడు. వాళ్ళు అత్తగారిళ్ళకు భోజనానికి వెళ్ళేవాళ్ళో లేదో మాత్రం చెప్పలేదు. మా ఆయన చొక్కా తగిలించుకుని అంగడికి పరిగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. నా పని కక్కలేక మింగలేక అయింది. పెడితే తప్పు, పెట్టకపోతే తప్పు. ఈ మనిషి నా బిడ్డను ఎట్లా చూసుకుంటున్నాడో తెలిసేదెట్లా?

మొన్న మూడోసారి వచ్చినప్పుడు ముందురోజే అంగట్లో చెప్పి నాలుగు నల్లెముకలు తెప్పించాను. అందరం కలిసి కూర్చుందామని కూతురు పట్టుబట్టింది. నాలుగూ అల్లుడి కంచంలోనే పెట్టాను. అతను నవ్వి, "ఆ డైట్లన్నీ వదిలేసినానత్తా. ఇప్పుడు అన్నీ తింటాండాను, కొంచెం కొంచెం" అంటూ ఒకటి మామకు, ఒకటి పెళ్ళానికి వేసి, ఇంకొకటి నా కంచంలో పెట్టాడు.

"తినండత్తా. మీరు తింటే నేను సూసిందే లేదు."

కోపం లేదు. ఎప్పుడూ లేదు. నా బిడ్డ చల్లగా ఉంది. అంతవరకూ అర్థమైంది. కానీ చేతిలో ఉన్నదాన్ని ఎట్లా తినాలో నాకు తెలియలేదు. పీల్చాలా, కొట్టాలా? ఇన్నేళ్ళు ఏరి ఏరి వడ్డించిన నేను, దాన్ని పట్టుకుని దిక్కులు చూశాను. సిగ్గేసింది. మా ఆయన నా మొహం చూసి, ఎముక తీసుకుని కంచం అంచుకు రెండుసార్లు తట్టాడు. మూలుగ నా అన్నం మీద జారింది.

"ఎట్లుండాదిమా?" అని అడిగింది కూతురు.

"లోపలికి ఉప్పే దిగలేదు" అన్నాను.

మా ఆయన తలెత్తలేదు. "ముప్పై ఏండ్లుగా అట్లే ఉండాదే" అన్నాడు.