గ్యాస్ పెట్టి తీసిన రివెట్లు

ఆ లారీ చాసీస్ ఎందుకు విరిగిందో నాకు మొదటి రోజే తెలుసు. అడిగినప్పుడు చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, నిజం చెప్పిన మనిషిని అందరి ముందు అబద్ధాలకోరును చేశాను. ఆ మనిషి పేరు సాయిలు. లారీ డ్రైవరు.

2016, దసరా ముందు రోజులు. బాన్సువాడలో బోధన్ రోడ్డు పక్కన నా షెడ్డు. లారీల చాసీస్ పని, వెల్డింగ్ పని చేస్తాను. సాయిలు నడిపే పాత లారీ నస్రుల్లాబాద్ దగ్గర క్యాంపులో ఉండే వెంకట్రావు గారిది. కాలువ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. బండిలో గేర్‌బాక్స్ మీదుగా వెళ్లే క్రాస్‌మెంబర్ పగిలింది. దాన్ని తీసి కొత్తది వేయాలి.

ఈ పని తెలియనివారికి ఒక మాట. లారీ అడుగున, చాసీస్‌లో పొడవునా రెండు ఉక్కు దూలాలుంటాయి. వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండేవే క్రాస్‌మెంబర్లు. పాత బండ్లలో వీటిని రివెట్లతో బిగించేవారు. రివెట్ తల గ్రైండర్‌తో అరగదీసి, నడుమ డ్రిల్ వేసి, పంచ్ పెట్టి సుత్తితో కొట్టి బయటికి తీయాలి. చేతులు పడిపోయే పని. గ్యాస్ కటింగ్ మంట పెడితే చిటికెలో ఊడుతుంది. కానీ ఆ వేడికి దూలంలో బలం పోతుంది. మంట కాస్త పక్కకు జారితే రంధ్రం అంచు కరుగుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. నా ఉస్తాద్ నాకు నేర్పిన మొదటి సంగతే ఇది.

"దసరాకి బండి ఇంటిముందు ఉండాలయ్యా. గుమ్మడికాయ కొట్టించాలి. ఆ వెంటనే కోతలు," అన్నారు వెంకట్రావు గారు. సరేనన్నాను.

కింది వరస రివెట్లు పద్ధతిగానే తీశాను. పై వరసకు గ్రైండర్ అందలేదు. గేర్‌బాక్స్ దించితే అందుతుంది, కానీ దించి ఎక్కించడం మళ్లీ ఒక పెద్ద పని. డ్రిల్ బిట్లు విరిగాయి. విసుగొచ్చి గ్యాస్ పైపు లాగాను.

పాత టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్న సాయిలు లేచి వచ్చాడు. నాకంటే పెద్దవాడు.

"తమ్మీ, గ్యాస్ వెడుతున్నవేంది? గేర్‌బాక్స్ దించుతనంటివి గదా."

"నువ్వు స్టీరింగ్ చూస్కో సాయిలన్నా. రివెట్ల ఫికర్ నీకెందుకు?"

"దాని మీద కూసునేది నేనే గదరా!" అని నవ్వాడు.

మంట జారింది. ఒక రంధ్రం పక్కన దూలం గోరంత మేర కరిగింది. అక్కడ వెల్డింగ్ నింపి, అరగదీసి, బోల్టులు బిగించి నల్ల రంగు వేశాను. సాయిలు వేలు పెట్టి తడిమాడు.

"గీడ మాడినట్టుంది?"

"మసి అన్నా. పోతది."

నా మాట నమ్మి బండి తీసుకుపోయాడు.

కోతలు మొదలయ్యాక, వడ్ల లోడుతో మద్నూర్ వైపు వెళ్తుండగా ఒక కల్వర్టు దగ్గర చాసీస్ విరిగింది. లారీ నడుము దగ్గర కుంగి పక్కకు ఒరిగింది. బస్తాలు నీళ్లలో పడ్డాయి. చూడమని వెంకట్రావు గారు నన్ను తీసుకెళ్లారు. కిందికి దూరి చూశాను. సరిగ్గా నా వెల్డింగ్ దగ్గరే దూలం చీలింది. బయటికి వచ్చేసరికి సాయిలు నుదుటికి తువ్వాలు అదుముకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు నెత్తురుతో తడిసింది.

"ఏవయ్యా మేస్త్రీ, నువ్వు గ్యాస్ పెట్టావంటున్నాడు వీడు. నిజమేనా?" అన్నారు వెంకట్రావు గారు.

ఒప్పుకుంటే నా షెడ్డుకు ఇంక ఏ బండీ రాదు. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే.

"లేదు సార్. డ్రిల్ ఏసే తీసిన. లోడు ఎక్కువేసి గుంతల దించితే ఏ చాసీస్ ఆగుతది?"

"ఏం మాట్లాడుతున్నవ్ తమ్మీ?" అన్నాడు సాయిలు. "నీ ఎదురుంగనే ఉంటి గదా! నేను అడగలే?"

నేను బండి వైపు తిరిగాను. వెంకట్రావు గారు అక్కడే సాయిలు దగ్గర బండి తాళాలు తీసేసుకున్నారు.

సాయిలు బండి విరగ్గొట్టి నేరం మేస్త్రి మీద వేశాడని చుట్టుపక్కల ఓనర్లందరిలో పాకిపోయింది. ఎవరూ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. కొన్నాళ్లు తిరిగి తిరిగి, మార్కెట్ యార్డులో హమాలీగా చేరాడు. ఒకప్పుడు లారీలో తెచ్చిన వడ్ల బస్తాలనే వీపు మీద మోస్తూ కనిపించేవాడు. నేను తల దించుకుని బైక్ పోనిచ్చేవాణ్ని.

డ్రైవర్లలో అదొక ఎగతాళి మాట కూడా అయింది. నిరుడు యార్డు దగ్గర చాయ్ హోటల్లో ఒక కుర్ర డ్రైవరు, బండి కింది కమాను పట్టీ దానంతట అదే విరిగిందని తన ఓనరుకు చెప్తున్నాడు.

"ఏందిరా, సాయిలు కథ చెప్తున్నవ్?" అన్నాడు ఓనరు. "నీకు గూడ మేస్త్రే గ్యాస్ వెట్టిండా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు చూశాను, మూలన గ్లాసు పట్టుకుని సాయిలు ఉన్నాడు. అతనూ నవ్వుతున్నాడు. కాదని చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. ఆ నవ్వు చూశాక చాయ్ వదిలేసి లేచాను.

ముందు వెంకట్రావు గారి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. "ఆ బండి ఎప్పుడో తుక్కుకి పోయింది. నాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పు," అని లోపలికి వెళ్లిపోయారు.

రివెట్లు ఎలా తీయాలో నేర్పడానికి నాకు ఈ సంగతి అక్కర్లేదు. అది నాకు ముందే వచ్చు. ఒక పనిలో చేయి తిరిగినవాడు అబద్ధమాడితే, నిజం చెప్పినవాడి మాట వినేవాళ్లు ఉండరు. నాకు తెలిసివచ్చింది ఇదీ, ఇంత ఆలస్యంగా. చాసీస్ పని కోసం వచ్చే బండ్లు ఇప్పటికీ నా షెడ్డు ముందే ఆగుతున్నాయి.

యార్డుకు వెళ్లేసరికి కాంటా పక్కన హమాలీలతో కలిసి కూర్చుని ఉన్నాడు సాయిలు. ఎందుకొచ్చానో చెప్పాను. అతను తల ఎత్తలేదు.

"లైసెన్సు అయిపాయె తమ్మీ. కండ్లు గూడ మసకలే. ఇగ నువ్వు చెప్తే నాకు బండి ఇస్తరా ఎవలన్న?"

"ఇయ్యరన్నా."

"మరి గిప్పుడెందుకొచ్చినవ్?"

హమాలీలందరికీ వినపడేలా, చెప్పడానికి వచ్చిన మాటే చెప్పాను.

"సాయిలన్న అబద్ధమాడలే. గ్యాస్ ఎందుకని నన్ను ఆయన అప్పుడే అడిగిండు. గ్యాస్ వెట్టింది నేను. వెట్టలేదన్నది గూడ నేనే. నీ చేతిల స్టీరింగ్ గుంజుకున్నది నేను. మాఫ్ చెయ్యన్నా."