అవ్వ పేరు కొట్టించిన పళ్ళెం

నేను విదేశం పోతున్నానన్న మాట మహారాష్ట్ర సరిహద్దులోని మా గోకుందలో పాకిన రోజు, మా ఇంటికి వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకటే: జీతమెంత? జీతం లేదని చెప్పాను. ఒక పల్లెటూళ్లో, ద్రాక్షతోటలో రోజుకు ఐదు గంటలు పనిచేస్తే తిండి పెడతారు, పడుకోవడానికి మంచం ఇస్తారు, మిగతా పొద్దంతా మన ఇష్టం, ఊళ్లు తిరగొచ్చు, వాళ్ల భాష నేర్చుకోవచ్చు, మనది నేర్పొచ్చు అని చెప్పాను. పక్కింటి మరాఠీ కాకూ "అగ బాయీ!" అని తాగుతున్న చాయ్ కింద పెట్టేసింది. "ఆ పనేదో మా చేన్లనే చెయ్యరాదే, మంచం నేనిస్త" అన్నాడు ఎదురింటి రైతు. అందరూ పడీ పడీ నవ్వారు. మా అవ్వ మాత్రం నవ్వలేదు. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం.

ఇదంతా నా ఉద్యోగం తెచ్చిపెట్టిన ముచ్చట. కిన్వట్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో ఆన్‌లైన్ ఫారాలు నింపడం నా పని. కులం సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, పంట బీమా, ఏళ్ల తరబడి ఊరందరి ఫారాలూ నింపాను. గిరాకీ లేనప్పుడు ఫోన్లో దేశాలు చూస్తూ కూర్చునేదాన్ని. అలా చూస్తూ చూస్తూ, చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లు కూడా ఇలా పనికి కుదిరి లోకం తిరిగేస్తున్నారని తెలిసింది. ఒక మధ్యాహ్నం నా ఫారం నేనే నింపుకున్నాను. 'మీకు ఏమేం పనులు వచ్చు?' అన్న గడిలో పత్తి ఏరడం, కందులు కొట్టడం, జొన్నరొట్టె చేయడం, ఆఫీసు గుమాస్తాలను ఒప్పించడం అని రాశాను. మూడో రోజు జార్జియా నుంచి జవాబొచ్చింది. అమెరికాలో ఉన్నది కాదు, నల్ల సముద్రం పక్కనున్న చిన్న దేశం. రిటైరైన భూగోళం టీచరు ఒకామె, ద్రాక్షకోతకు రమ్మని రాసింది. ఆ చివరి పని గురించి కాస్త వివరంగా చెప్పమని కూడా రాసింది.

అవ్వకు చెప్పిన రోజు ఇంట్లో పెద్ద లొల్లి అయింది.

"కూలి లేకుంట తిండికి పనిచేసుడు అంటే ఏందో ఎర్కనా నీకు? వెట్టి అంటరు దాన్ని" అంది.

"వెట్టి కాదే అవ్వా, వలంటీరు."

"పేరు మారిస్తే పని మారుతదా?"

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. నీకేం తెలుసు, లోకం మారింది, నువ్వింకా అక్కడే ఉన్నావు అని నోటికొచ్చినట్టు అరిచాను. అవ్వ అరవలేదు. చేస్తున్న రొట్టె పెనం మీదే మాడనిచ్చి, మా అమ్మమ్మ గిన్నె గురించి చెప్పింది.

అమ్మమ్మ పటేలింట్లో పేడ తీసేది, జొన్నలు విసిరేది. కూలి లేదు, మధ్యాహ్నం జొన్న సంకటి లాంటి గట్క ఇంత పెట్టేవాళ్లు. ఆమె గిన్నె పశువుల కొట్టం చూరులో దోపి ఉండేది. అది తీసుకుని, కడుక్కుని, వాకిట్లో దూరంగా పట్టుకుని నిలబడితే పైనుంచి వేసేవాళ్లు. తిన్నాక మళ్లీ కడిగి చూరులో దోపాలి. మా అవ్వ చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని ఆ గిన్నెలోనే తినేది. "ఆ గిన్నె ఏనాడు ఇంట్లకు పోలే" అంది అవ్వ. అందుకే ఆమె ఎవరి చేనికి పోయినా కూలి ముందే మాట్లాడుకుంటుంది, సద్ది తనే కట్టుకుపోతుంది, ఒకరి ముద్ద ముట్టదు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గేసింది. అయినా టికెట్ కొనేశాను, ఏం చేసేది!

ఆ తర్వాత పదిహేను రోజులు అవ్వ నాతో మాట్లాడలేదు. ఏమన్నా చెప్పాలంటే మా బాపుకు, అంటే నాన్నకు చెప్పేది, ఆయన రెండడుగుల దూరంలో ఉన్న నాకు చెప్పేవాడు. ముంబయి రైలెక్కే రోజు మాత్రం స్టేషనుకు వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన స్టీలు పళ్ళెం నా చేతిలో పెట్టింది. అది అవ్వ సొంత కూలితో మాహూర్‌లో కొనుక్కున్న పళ్ళెం. రేణుకమ్మ దర్శనం చేసుకుని దిగి వస్తుంటే దారిలో స్టీలు దుకాణాలుంటాయి, అడిగితే అంచు మీద మరాఠీ అక్షరాల్లో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తారు. అవ్వకు చదువు రాదు గానీ ఆ చుక్కల మీద వేలు పెట్టి తన పేరు గుర్తుపడుతుంది.

"నీ పల్లెం నువ్వు పట్టుకపో. వాళ్లు వేరే గిన్నె ఇచ్చేదాంక ఉండకు. బయట కూసోవెట్టి పెడ్తే మాత్రం ముద్ద ముట్టకు బిడ్డా. లేసి ఇంటికచ్చెయ్" అంది.

"విమానం బస్సు లెక్క ఉండదే, ఎప్పుడు పడ్తె అప్పుడు ఎక్కనీకి" అన్నాడు బాపు. అవ్వ ఆయన్ని చూసిన చూపుకు నా సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

జార్జియాలో నన్ను రమ్మని రాసిన టీచరే ఇంటామె. మంచి దిట్టమైన మనిషి, అరవై దాటినా నిచ్చెన ఎక్కి కొమ్మలు కత్తిరించేది. నాకూ ఆమెకూ వచ్చింది అరకొర ఇంగ్లీషే, మిగతాది చేతులతో కానిచ్చేవాళ్లం. నాతో పాటు పోలండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. నేను చేరిన మర్నాడు పొద్దున్నే కోత. అందరికీ తలా ఒక కత్తెర, ఒక బకెట్ ఇచ్చింది. నాకు బకెట్ దేనికి? పత్తి ఏరే అలవాటు కొద్దీ చున్నీని నడుముకు ఒడి కట్టుకుని, గుత్తులు కోసి అందులో వేసుకుంటూ పోయాను. అందరికంటే ముందు వరస చివరికి చేరి, గొప్పగా వెనక్కి తిరిగేసరికి ఒడిలోని ద్రాక్షంతా నలిగిపోయి రసం మోకాళ్ల దాకా కారుతోంది. కందిరీగలు నా చుట్టూ జాతర చేస్తున్నాయి. ఇంటామె తీగ పట్టుకుని ఆగకుండా నవ్వింది. "నీకు వైన్ పీపాతో పనిలేదు" అంది.

అంతటితో అయిందా? ఐదు గంటలు కాగానే అందరూ కత్తెరలు కింద పెట్టారు. నేను పెట్టలేదు. చేను నడుమ పని ఆపి పోవడం నా ఒంట్లోనే లేదు, పొద్దు గూకేదాకా కోస్తూనే ఉన్నాను. ఇంటామె కోపంగా వచ్చి నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. ఐదంటే ఐదే, నన్ను జమీందారును చేయకు అని తిట్టింది. పని చేసినందుకు తిట్లు తినడం నా బతుకులో అదే మొదలు. మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు, ఇప్పటికీ నమ్మడం లేదు.

మొదటి ఆదివారం భోజనాల వేళ ఇంటికి వీడియో కాల్ చేశాను. మూడింటికి వాళ్లు మధ్యాహ్నం భోంచేస్తారు, అప్పటికి మనకు సాయంత్రం నాలుగున్నర. ఇంటి ముందు ద్రాక్షపందిరి, దాని కింద పొడవాటి బల్ల. ఆ బల్ల కనిపించగానే బాపు కేక పెట్టాడు.

"అయ్యో! బయటనే కూసోవెట్టిండ్రే!"

"అందరం బయటనే కూసున్నం బాపూ! ఇంటామె సుత బయటనే!"

"ఆమెకేం పుట్టింది? ఇల్లు లేదా ఆమెకు?"

గాలి బాగుంటుందని పందిరి కింద తింటారని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. అవ్వ ఫోన్లోకి రాలేదు, కానీ పక్కనే ఉందని తెలుస్తోంది. "పల్లెం యాడున్నదో అడుగు" అన్న ఆమె గొంతు వినబడింది.

"నా అర్రల్నే ఉన్నది అవ్వా. కడుక్కొని ఆడ్నే పెట్టుకుంటున్న" అన్నాను, ఆమె చెప్పినట్టే చేస్తున్నానని సంబరంగా.

"అనుకున్న" అంది అవ్వ, బాపు ఫోన్ పెట్టేశాడు. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. అందరి పళ్ళాలు వంటింట్లో ఉంటే నాదొక్కటే నా గదిలో వేరుగా ఉంది. దాన్ని వేరు పెట్టింది వాళ్లు కాదు, నేనే. ఆ మాట అవ్వకు ఫోన్లో ఎలా చెప్పాలో తెలియలేదు, చెప్పినా నమ్మదు.

పైగా ఇంటామెకు కూడా అది గుచ్చుకుంటూనే ఉందట. ఒకరోజు అడిగేసింది. "మా పళ్ళాలు శుభ్రంగా ఉండవా? వారం నుంచి చూస్తున్నాను, మా దాంట్లో నువ్వు ఒక్కసారి తినలేదు." నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వచ్చిన ఇంగ్లీషంతా కూడబలుక్కుని పటేలిల్లు, కొట్టం, చూరు, అమ్మమ్మ గిన్నె, అన్నీ చెప్పాను. చూరు అన్న మాటకు ఇంగ్లీషు తెలియక కాగితం మీద బొమ్మ గీశాను. ఆమె ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి, "ఆ పళ్ళెం ఇవ్వు" అంది.

ఇచ్చాను. అలమార తీసి, తెల్ల పింగాణీ పళ్ళాల దొంతి మధ్యలోకి దాన్ని దోపేసింది. ఆ మధ్యాహ్నం బల్ల మీద అది పోలండ్ ఆయన చేతికొచ్చింది. ఫోర్కుతో గీకి గీకి కర్ర్ కర్ర్ మని మా అందరి పళ్ళూ జివ్వుమనిపించాడు. నాకు అంచు విరిగిన తెల్ల పళ్ళెం వచ్చింది. అందులో మట్టికుండలో ఉడికించిన రాజ్మా లాంటి గింజల కూర, మొక్కజొన్నపిండితో చేసిన మక్కరొట్టె. వాసన చూస్తే అచ్చం మా కిన్వట్ వంటే, కారం ఒక్కటే తక్కువ.

కోత అయిపోయిన ఆదివారం విందు చేసింది. చుట్టాలు వచ్చారు, వాల్‌నట్లను దారానికి గుచ్చి ద్రాక్షరసంలో ముంచి ఆరేసిన తీపి దండలు ముక్కలు కోసి పెట్టారు. ఇంటామె తనే నాతో ఫోన్ చేయించింది. బాపు ఎత్తాడు. అవ్వ ఎప్పటిలాగే పక్కన కూర్చుని రానంటోంది. ఇంటామె తన ముందున్న పళ్ళెం ఎత్తి ఫోన్‌కు చూపించింది. సగం తిన్న స్టీలు పళ్ళెం, మక్కరొట్టె ముక్క, అంచు మీద చుక్కలు. ఒక్క క్షణంలో ఫోన్ నిండా అవ్వ మొహమే.

"అది నా పల్లెమేనా?"

"నీదే అవ్వా."

"ఆమె ఎందుకు తింటున్నది దాంట్లె?"

"ఇయ్యాల ఆమె చేతికచ్చింది."

"మరి నీది ఏది?"

నా ముందున్న తెల్ల పళ్ళెం చూపించాను.

"అది ఎవలది?"

"ఎవలదో తెల్వదవ్వా. ఈడ ఎవలది వాళ్లకని ఉండది. ఏది చేతికస్తే దాంట్లె తింటరు."

"తిన్నంక యాడ పెడ్తరు?"

నేను చెప్పబోతుంటే ఇంటామె ఏం అర్థమైందో ఏమో, నా చేతిలోని ఫోన్ తీసుకుని వంటింట్లోకి నడిచింది, వెనకే నేను. అలమార రెండు తలుపులూ తీసి, దొంతులన్నీ పై నుంచి కింది దాకా చూపించింది. తర్వాత తను తింటున్న స్టీలు పళ్ళెం తెచ్చి కడిగి, ఆ దొంతి మధ్యలోకి తోసింది. అవ్వ ఫోన్‌కు ఎంత దగ్గరగా వచ్చిందంటే ఒక కన్నూ ముక్కుపుల్లా మాత్రమే కనబడుతున్నాయి. చాలాసేపు అలాగే చూసింది.

"బిడ్డా" అంది చివరికి. "బాసండ్లు మంచిగ తోముతలేరని చెప్పు ఆమెకు. నా పల్లెం ఎట్ల మసకైంది చూడు."

అలా, రైలెక్కించిన నెల రోజులకు, అవ్వ మళ్లీ నాతో మాట్లాడింది. నేను ఏడుస్తూ నవ్వుతూ ఆ మాట తర్జుమా చేశాను. ఇంటామె నొచ్చుకోలేదు. అయితే వచ్చి నేర్పమని చెప్పు అంది.

వచ్చేముందు ఆ పళ్ళెం తనకు ఇచ్చి పొమ్మని ఇంటామె అడిగింది. ఫోన్లో అవ్వను అడిగాను. "ఇంట్లనే పెడ్తదా?" అని అడిగింది. "ఇంట్లనే, ఆ అలమార్లనే" అన్నాను. "అయితే ఉండనియ్యి" అంది.

నేను తిరిగొచ్చిన వారానికే అవ్వ నన్ను మాహూర్ తీసుకుపోయింది. క్షేమంగా వస్తే దర్శనానికి వస్తానని మొక్కుకుందట. దర్శనం అయ్యాక తిన్నగా స్టీలు దుకాణానికి నడిచింది. నాలుగు పళ్ళాలు గోటితో కొట్టి చూసి ఒకటి ఏరింది. పాతదాని బదులు కొనుక్కుంటోంది అనుకున్నాను. దుకాణం ఆయన పేరు కొట్టే మిషను చేతిలోకి తీసుకుని "నావ్ కాయ్, మావశీ?" అని పేరడిగాడు. అవ్వ నా వైపు తిరిగింది.

"ఆమె పేరేందో చెప్పు."

ఆ పేరు మాహూర్‌లో అంతకుముందు ఎవరూ విని ఉండరు. నేను మూడుసార్లు చెబితే ఆయన తల గోక్కుంటూ కొట్టిచ్చాడు. అవ్వ ఆ చుక్కల మీద వేలితో తడిమి చూసుకుని సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక, ఇంటామె ఎప్పుడైనా మా ఇంటికి వచ్చే రోజు కోసం భద్రంగా ఉండాలని నేను దాన్ని గుడ్డలో చుట్టి, పైన గూట్లో వేరుగా పెట్టాను. అవ్వ చూసింది. స్టూలేసుకుని తీసింది.

"వేరే పెట్టకు. అన్నిట్ల పెట్టు" అంది.

దొంతిలో పెట్టాను. ఆ పూట అది బాపు చేతికొచ్చింది.