అడ్డం పిన్ని బల్ల

మాంసం మార్కెట్లో ఆవిణ్ణి అందరూ అడ్డం పిన్ని అంటారు. మాంసాన్ని ఎప్పుడూ పీచుకి అడ్డంగానే కోస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ చెప్పుకుంటుంది. ఎవరేం చెప్పినా అడ్డంగా మాట్లాడుతుంది కాబట్టి వచ్చిందని ఆవిడ మరిది చెప్తాడు. ఆయన బల్ల పక్కనే, కాబట్టి ఆయన మాటే నమ్మాలి.

ఇరవై ఆరేళ్ళు ఎముకలు కొట్టీ కొట్టీ పిన్ని కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేస్తే చాలు, కళ్ళమ్మట నీళ్ళే. డాక్టరు చూసి, "కొయ్యడం కొయ్యండి, ఫర్వాలేదు. కొట్టడం మాత్రం ఇక బంద్" అన్నాడు.

మరిది ఆ మాట పట్టుకున్నాడు. "కొట్టలేని చేతికి బల్లెందుకు వదినా? నాకిచ్చేసి ఇంట్లో హాయిగా టీవీ చూసుకో."

టీవీ అంటే పిన్నికి పడదు. ఎంత తిట్టినా తిరిగి మాట్లాడదు, అందుకని.

సరిగ్గా అప్పుడే కళ్ళజోడు పిల్ల ఒకతి వచ్చింది. మేక దగ్గర్నుంచి చిటికెడు కణాలు తీసి, వాటిని తొట్లలో మాంసంగా పెంచే ల్యాబులో పని ఆ పిల్లకి. అమ్మి పెట్టేవాళ్ళ కోసం బల్లబల్లా తిరుగుతోంది. అరగంట ఉపన్యాసం ఇచ్చింది. అందులో పిన్ని చెవికెక్కింది ఒక్కటే ముక్క: "దీంట్లో ఎముకుండదండీ."

"అంటే కొట్టక్కర్లేదు. కోస్తే చాలు. అంతేగా?"

"అంతేనండీ."

"అయితే పట్రా."

మరి ఆ మాంసానికి అప్పటికే పరువు పోయింది. కిందటి నెల ల్యాబు వాళ్ళు మార్కెట్ గేటు దగ్గర ముక్కలు ఊరికే పంచారు. లెక్కల మాస్టారు ఒకాయన అయిదు నిమిషాలు నమిలి, బయటికి తీసి, "పోయిన వారం పోయిన నా చెప్పు ఇదే" అన్నాడు. ఇంకేముంది, చెప్పు మాంసం అనే పేరు స్థిరపడిపోయింది.

అందుకే, బల్లలు ఎవరివో తేల్చే మార్కెట్ పెద్దాయన పిన్నికి ఒకే ఒక్క అవకాశం ఇచ్చాడు. "ఆదివారం ఒంటిగంట లోపల పది కిలోలు అమ్ము. అమ్మితే బల్ల నీదే. లేదా మీ మరిదికి రాసిచ్చేస్తా."

శనివారం కళ్ళజోడు పిల్ల మాంసం పలక తెచ్చింది. పిన్ని బొటనవేలితో నొక్కింది, కొసలు పట్టుకుని లాగింది.

"పీచు ఎటుంది?"

"పలక పొడుగూతా అండీ. అలా బారుగా పెరిగేలా పెంచుతాం."

"మరి కోసేదెటు?"

"మెషీను కోస్తుంది. పొడుగూతానే. చూడ్డానికి నీటుగా ఉంటుందని."

పిన్ని నెత్తి కొట్టుకోబోయి, భుజం గుర్తొచ్చి ఎడం చేత్తో కొట్టుకుంది. "ఇంత చదువూ చదివి తాడుని తాడులాగే తినమన్నారా తల్లీ!"

మోచెయ్యి ఒంటికి ఆనించుకుని, పలకని అడ్డం తిప్పి, తమలపాకంత పల్చగా కోసింది. పెనం మీద రెండువైపులా కాల్చి, ఉప్పు చల్లి ఇచ్చింది. ఆ పిల్ల నమిలి, ఇంకో ముక్క తీసుకుంది. "ఇది మేం పెంచిందేనా అండీ?"

ఆదివారం పొద్దున్నే మరిది కొలతల టేపుతో దిగి, వదిన బల్ల పొడుగూ వెడల్పూ కొలుచుకున్నాడు. పిన్ని చూడనట్టే ఉంది. ల్యాబు వాళ్ళు పంపిన బోర్డు మీద 'కణాధారిత మాంస ఉత్పత్తి' అని ఉంది. "ఇది మందు సీసా మీద రాసే రాత" అని తడిగుడ్డ పెట్టి తుడిచేసింది.

"ల్యాబు అనే మాట రాయకపోతే మంచిదేమోనండీ" అంది కళ్ళజోడు పిల్ల.

"దాచి అమ్మితే ఒక్కసారే అమ్ముతాం." సుద్దముక్క తీసి రాసింది: 'ల్యాబులో పెంచిన మాంసం. ఎముక లేదు. మేక బతికే ఉంది. ముందు కొసరు, తర్వాతే తూకం.' కింద మేక ఫొటో అంటించింది.

జనం మూగారు. "ఈ మేక అచ్చం మా అత్తగారిలా చూస్తోందేంటే?" అని ఒకావిడ. "అయితే కసితీరా నములు" అని పిన్ని. పెనం మీది కొసరు అయిపోతోంది, కోస్తోంది, అయిపోతోంది. పన్నెండున్నరకి చూస్తే ఇంకా నాలుగు కిలోలు మిగిలే ఉంది. తిన్నవాళ్ళంతా బావుందంటారు. "కానీ ఎముక పడకపోతే కూరకి రుచేదీ?" అని మరిది బల్ల వైపు జరుగుతారు.

"మిగిలింది నేనే కొనేస్తానండీ. ఎవరికి తెలుస్తుంది?" అని పిల్ల గుసగుసలాడింది.

"నా కాటాకి తెలుస్తుంది. నోర్మూసుకుని పెనం చూడు."

పిన్ని ఒక్క క్షణం మరిది బల్ల కింద చూసింది. అక్కడ మాంసం ఒలిచేసిన ఎముకల గుట్ట ఉంది. ఎవరూ కొనరు, సాయంత్రం పారేస్తాడు. గొంతు సవరించుకుని మార్కెట్ కప్పు ఎగిరేలా అరిచింది: "ఎముకలు మా మరిది దగ్గర! మెత్తనిది నా దగ్గర! రెండూ కలిపి వండుకోండి!"

లెక్కల మాస్టారు జనాన్ని తోసుకుని వచ్చాడు. కొసరు నోట్లో వేసుకుని నమిలాడు, మింగాడు.

"నా చెప్పేదమ్మా?"

"మీ కాలికే ఉంది మాస్టారూ."

"సరే, కిలో వెయ్యి. ఒరే అబ్బాయ్, నువ్వో నాలుగు మూలిగ ఎముకలు కట్టు."

ఆయన వెనకాలే వరస కట్టారు. పారెయ్యాల్సిన ఎముకలు అమ్ముడవుతుంటే మరిది బల్ల కిందకి దూరి మరీ ఏరి కట్టాడు.

"మేకని చంపకూడదనే కదండీ ఇదంతా... మళ్ళీ ఎముకలేంటి?" అంది కళ్ళజోడు పిల్ల దిగులుగా.

"ఆ ఎముకలు ఎలాగూ చెత్తలోకే పోతాయే. ముందు పళ్ళు ఒప్పుకోనీ. మనసు వెనకే వస్తుంది."

ఒంటిగంటకి ఆరు నిమిషాలుండగా ఆఖరి ముక్క తూకం పడింది. పెద్దాయన వచ్చి ఖాళీ బల్ల చూసి, తలూపి, పెనం మీద మిగిలిన కొసరు నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

పిన్ని కత్తి కడిగి, తుడిచి, మరిది మర్చిపోయిన టేపు అందుకుంది. నెమ్మదిగా వెళ్ళి ఆయన బల్ల మీద ఈ కొసనుంచి ఆ కొసకి పరిచింది.

"వదినా, నా బల్ల కొలుస్తున్నావేంటి?"

"ఉత్త ఎముకలు పెట్టుకోడానికి నీకెంత చోటు చాలుతుందో చూస్తున్నా. ఆ కొస గట్టిగా పట్టుకో."