నక్షత్రానికి కట్టిన సీడీ

ఎలీషా మంచివాడే, శుభ్రం పిచ్చి ఒక్కటే వాడి జబ్బు. ఆళ్లగడ్డలో మా పక్కిల్లే వాళ్లది. క్రిస్మస్‌కు ముందు సున్నం కొట్టేటప్పుడు ఆ ఇంట్లోకి కొత్తది రావాలంటే పాతది ముందు బయటికి పోవాల్సిందే. ఆ పద్ధతి చిన్నప్పుడే వాడి ఒంటికి పట్టేసింది.

2009లో వాడికి ముప్పై ఏళ్లు. ఆరేళ్లుగా ఊళ్లోవాళ్ల కంప్యూటర్లు బాగుచేస్తూ, సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఆ డిసెంబరులో హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటి నుంచే ఉద్యోగం ఇస్తామంది. అయితే ఒక పరీక్ష పెట్టింది. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ పనిముట్టుకు బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టి నడపాలి. అది నడవాలంటే రూబీ అనే కంప్యూటర్ భాష కొత్త వెర్షన్ కావాలి. శనివారం సాయంత్రం ఐదులోగా ఎక్కించి చూపిస్తే ఉద్యోగం వాడిది, లేదంటే ఇంకొకరిది.

నిజానికి కష్టమేమీ లేదు. వెర్షన్ మేనేజర్ అనే ప్రోగ్రాము పాత రూబీని కదపకుండా పక్కనే కొత్తది పెడుతుంది. ప్యాకేజీ మేనేజరేమో పనిముట్టునూ దానికి కావలసిన సరంజామానూ తెచ్చి అమరుస్తుంది. మన శుభ్రం సారు ఊరుకుంటాడా? శనివారం పొద్దున్నే పాత రూబీని పీకేశాడు. దాంతోపాటు ప్యాకేజీలనే ఆ సరంజామా అంతా పోయింది. కొత్తది దిగుతుండగా రోడ్డు తవ్వేవాళ్ల గడ్డపార తగిలి వీధి మొత్తానికి ఫోన్ లైను తెగింది. నెట్ పోయింది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"రెండూ లేకుండా జేసుకుంటివి గదరా! సామ్యేలు ఇచ్చిన సీడీ యాడ?"

సామ్యేలుది నంద్యాలలో నెట్ సెంటర్. పరీక్ష సంగతి తెలియగానే, ఎలీషా ఇంటికి నెట్ లైను రాకముందే, కొత్త రూబీ, పాత రూబీ, ఆ పనిముట్టు, దాని ప్యాకేజీలు అన్నీ దించి సీడీలో రాసిచ్చాడు. ఇప్పుడు సెంటరుకు తాళం వేసి పండక్కి అత్తగారి ఊరెళ్లాడు.

"లైను వచ్చినాక సీడీ ఎందుకని, సున్నం కొట్టే రోజు పారేసినా అన్నా," అన్నాడు ఎలీషా.

వాళ్లమ్మ సువార్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏందీ, ఆ మెరిసే బిళ్లలా? వాటిని పారేయనిస్తానా? మిద్దెక్కి చూడు పో."

మిద్దె మీద వెదురుబద్దల క్రిస్మస్ నక్షత్రం ఉంది. దాని తోకకు కట్టిన ఏడు సీడీలు గాలికి తిరుగుతున్నాయి. ఐదోదాని మీద సామ్యేలు చేతిరాత. మంచుకు సిరా చెదిరింది గానీ, ఆవిడ దారాన్ని నడిమి రంధ్రంలోంచే కట్టడం వల్ల గీతలు పడలేదు.

తుడిచి కంప్యూటర్లో పెట్టాం. నాలుగున్నరకు కొత్త రూబీ ఎక్కింది. ఐదుకు పది నిమిషాలుందనగా పనిముట్టు తెర మీద తన వెర్షన్ నంబరు చూపించింది. ఎలీషా సెల్‌ఫోన్‌లో కంపెనీ ఆదినారాయణ గారికి తెర మీది ఒక్కో వరుసా చదివి వినిపించాడు.

"సోమవారం నుంచి మొదలుపెట్టండి," అన్నాడాయన. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడమెందుకు?

ఎలీషా ముందు పాత రూబీని కూడా దాని పక్కనే ఎక్కించాడు. తర్వాత సీడీ తీసి చొక్కాతో తుడుస్తుంటే సువార్తమ్మ అరిచింది.

"దాన్ని మళ్లా ఆడనే కట్టు! తోక బోసిగా ఉండాది."

వాడు సామ్యేలు సీడీని బీరువాలో పెట్టాడు. కవరు కూడా విప్పని కొత్త సీడీ ఒకటి తీసుకుని మిద్దెక్కి, నక్షత్రం తోకకు కట్టి వచ్చాడు.