ఫ్రిజ్‌లో తాళాలు

ఆమె రాసుకున్న సినిమా పట్టుమని పది నిమిషాలు లేదు. భార్య పోయాక కూతురితో మాటలు తగ్గించేసిన ఒక తండ్రి, చివర్లో ఒకే మాట అడుగుతాడు: “తిన్నావా?” ఆ మాట కుదిరితే సినిమా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కెమెరా ఆ సాయంత్రమే కాలేజీకి తిరిగి ఇచ్చేయాలి.

షూటింగ్ సొంత ఇంట్లోనే పెట్టుకుంది. అడిగితే ఇల్లు ఇచ్చేవాళ్లెవరు? వంటగది నిండా లైట్లు, హాలు నిండా వైర్లు. నాన్న పొద్దున్నే పేపరు పట్టుకుని వెనకగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కథేమిటని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

సౌండ్ చూసే క్లాస్‌మేట్‌కి ఫ్రిజ్ రొద గిట్టదు. దాన్ని ఆపేసి, ఇంటి తాళాలు తీసి అందులో పడేశాడు.

“బయటికెళ్లేటప్పుడు తాళాల కోసం ఎలాగూ తెరుస్తావుగా డైరెక్టరమ్మా! అప్పుడు ఆన్ చేయడం గుర్తొస్తుంది.”

వాళ్ల సినిమా కోర్సులో అందరికీ తెలిసిన కిటుకే అది. సొంత ఇంట్లో షూటింగ్ పెట్టుకున్న మనిషి బయటికెందుకు వెళ్తుందని ఎవరికీ తట్టలేదు.

తండ్రి వేషం నాటకాల మాస్టారిది. మనిషి వెన్న. గొంతు మాత్రం ఆఖరి వరస దాకా వినిపించాల్సిందే.

“తిన్నావా... తల్లీ!” అంటూ కళ్లనీళ్లు పెట్టేసుకున్నాడు.

“తల్లీ వద్దు మాస్టారూ. ఏడుపూ వద్దు. మామూలుగా అడగండి చాలు.”

“మామూలుగా అంటే ఎలాగమ్మా? మీ నాన్నగారు ఎలా అడుగుతారో ఒక్కసారి అని చూపించు. ఇట్టే పట్టేస్తాను.”

ఆమె నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా ఆ గొంతు గుర్తుకు రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న అడిగిందే లేదు. ఆమె వాటా గిన్నెలో పెట్టి మూత వేసి ఉంచుతాడు, అంతే. వెనకగదిలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

“మీకు తోచినట్టే కానివ్వండి,” అంది తల దించుకుని.

మాస్టారు తోచినట్టే కానిచ్చాడు. అందరూ సర్దుకుని వెళ్లేసరికి పొద్దు వాలింది. ఆమె బల్ల దగ్గర కూలబడింది. నాన్న వచ్చి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి, కాసేపు లోపలికే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తాళాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

“బయట ఉంటే పాడైపోతాయా ఇవి?”

“అది కాదు నాన్నా... ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోకుండా.”

“ఓహో. మర్చిపోలేదన్నమాట.”

స్విచ్ వేసి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆమె లేచి ఫ్రిజ్ తెరిచింది. మధ్య అరలో మూత పెట్టిన గిన్నె. ఇంటికి జనం రాకముందే వండి పెట్టినట్టున్నాడు. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. రోజంతా కెమెరా నిలబడింది ఈ వంటగదిలోనే. ఎవరికీ అడ్డు రాకూడదని ఆయన ఇటు తొంగి కూడా చూడలేదు.

గిన్నెలోది చెత్తబుట్టలో వంపి, కుళాయి విప్పి తోముతూ, వెనక్కి తిరక్కుండానే నీళ్ల చప్పుడు మీదుగా కేకేసింది.

“నాన్నా, తిన్నావా?”

తీపి లేదు, తడి లేదు. కాస్త విసుగు కూడా ఉంది. కెమెరా ఈపాటికి కాలేజీ బీరువాలోకి చేరిపోయి ఉంటుంది.

గదిలో మంచం కిర్రుమంది.

“లేదు.”