తెర మీద ఎన్కకు తిరిగి చూసిన మనిషి

నాకు మొదటి నౌకరి కొత్తకోట దిక్కు బళ్లె వచ్చింది. మాది నార్కట్‌పల్లి దగ్గర ఊరు. అంత దూరం నుంచి ఒంటిగ వచ్చిన ఆడపిల్లకు కిరాయికి అర్ర దొరుకుడు కష్టమైంది. పెండ్లయిందా అని అడిగేటోళ్లు. కాలేదంటె తలుపు కాడనే నిలబెట్టి, మంచినీళ్లిచ్చి పంపేటోళ్లు. ఏం అడగకుండ తాళంచెవి చేతుల పెట్టింది ఒక్క ఆపానే.

ఆపా అంటె అక్క. ఆ సందుల అందరు ఆమెను గట్లనే పిలిచేటోళ్లు, నేను గూడ పిలిచిన. పెద్ద సడక్ ఎన్క సందుల ఆమె ఇల్లు. ముందర అర్రల కుట్టు మిషిన్ పెట్టుకొని జాకెట్లు, లంగాలు కుట్టేది. పిల్లలు లేరు. భర్త లారీల మీద రంగులేసేటోడు. సడక్ మీద ఆగిన లారీలకు నెమళ్లు, పూలు గీసేటోడట. ఒకనాడు బొంబాయిల మంచి పనున్నదని చెప్పి లారీ ఎక్కి పోయిండు. కొన్నాళ్లు డ్రైవర్ల చేత బట్టలు పంపిండు, తర్వాత ఆయన ముచ్చటే లేదు. నేను పోయేటాలకు అదంత జరిగి చానా ఏండ్లయింది.

"కొట్లాడి పోతె ఎందుకు పోయిండో తెలిసేది టీచరమ్మా" అనేది ఆపా. "పొద్దుగాల రొట్టె తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, పోతున్న అన్నడు. గంతే."

ఆ ఎండకాలం ఒంటిపూట బడులు నడుస్తున్నయి. పగటాల ఇంట్ల కూసుంటె పొద్దు పోయేది కాదు. టాకీస్‌ల హిందీ సినిమా వచ్చింది. ఒక్కదాన్నే పోతె మంది ఏమన్న అనుకుంటరని ఆపాను తోడు రమ్మన్న. ఆమె పెండ్లయినంక టాకీస్ మొఖం చూడలేదట. రాను రాను అనుకుంటనే బురఖా ఏసుకున్నది.

మ్యాట్నీకి జనం లేరు. ఆడోళ్ల బెంచీల మీద మేమిద్దరమే. అది బొంబాయిల ఒక్కొక్కళ్లే బతికే మనుషుల కత. ఆఫీసుల పనిచేసే ఒక పిల్ల ఉంటది, చిన్న అర్రల స్టవ్ మీద ఒక్కదానికే వండుకుంటది. ఎదురు బంగ్లల ఒకాయన ఉంటడు, రోజు కిటికిల నిలబడుతడు. ఇద్దరు ఒకే రైలెక్కుతరు, ఒకరినొకరు చూసుకుంటరు గని మాట్లాడుకోరు. సినిమా అంత వానే. నాకు హిందీ సగమే సమజయ్యేది, మిగిలింది ఆపా నా చెవుల చెప్పేది. స్టవ్ ముందట ఆ పిల్ల గిన్నెలనే తింటది. అంతకుముందు రాత్రి నేను గూడ గట్లనే తిన్న.

సగం అయినంక రైల్వే స్టేషన్ల ఆ పిల్ల ఏడుస్తు నిలబడుతది. ఎన్క నుంచి జనం పోతుంటరు. అండ్ల ఒక మనిషి, రెండు చేతుల రంగు డబ్బాలు పట్టుకొని, ఎడమ భుజం జర కిందికి వంగి, నడుస్తు నడుస్తు ఆగి మా దిక్కు తిరిగి చూసిండు. కన్ను మూసి తెరిచేంత సేపే. మల్ల జనంల కలిసిండు.

ఆపా నా చెయ్యి పట్టుకున్నది. గోర్లు దిగినయి.

"ఆయనే" అన్నది.

"ఎవరు?"

"మా ఆయన. నన్ను చూసిండు."

మిగిలిన సినిమా ఆమె చూడలేదు. ఇంటికొచ్చినంక మిషిన్ ముందల కూసున్నది గని చక్రం తిప్పలేదు. తెల్లారి బడి నుంచి వచ్చేసరికి తయారై నిలబడ్డది. తల స్నానం చేసింది, కండ్లకు సుర్మా పెట్టుకున్నది. పెట్టెల దాసుకున్న ఊదా రంగు చీర కట్టుకున్నది. సినిమాకు పోయేటట్టు లేదు, ఎవరినో కలువబోయేటట్టున్నది.

మల్ల పోయినం. మర్నాడు మల్ల పోయినం. ఆ స్టేషన్ వచ్చేటప్పుడు ఆపా బురఖా ముసుగు ఎన్కకు ఏసుకునేది, ఆయనకు మొఖం సరిగ కనబడాలె గదా అన్నట్టు. ఆయన రోజు గట్లనే వచ్చేటోడు. ఆగేటోడు, చూసేటోడు, పోయేటోడు. మొదట నాకు ఆపాను చూస్తె భయమైంది. తర్వాత ఇంకో తీరు భయం పట్టుకున్నది. ఆ మనిషి కోసం నేను గూడ ఎదురు చూస్తున్నట్టు నాకే తెలిసింది. నన్ను చూడొచ్చిన పెండ్లి సంబంధాలోళ్లు నా రంగు చూసిండ్రు, ఎత్తు చూసిండ్రు. గంతే గని, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు నా మొఖం దిక్కు చూసినోళ్లెవరు లేరు. కండ్లు మూసుకుంటె ఆ చూపు కనబడేది. బళ్లె నల్లబోర్డు మీద రాస్తుంటె ఎన్క నుంచి ఎవరో చూస్తున్నట్టయి తిరిగి చూసేదాన్ని. పిల్లలు తలలొంచి రాసుకుంటుండేటోళ్లు.

ఆపా తెలిసిన లారీ డ్రైవర్‌ను పట్టుకొని ఆ స్టేషన్ల ఎతకమన్నది. అతను బొంబాయి పోయొచ్చి తల అడ్డం ఊపిండు. "ఒక్క రైలుకు మన ఊరంత మంది దిగుతరు ఆపా. ఎవరినని చూడాలె?"

అంతట్లకే సినిమా తీసేసిండ్రు. షాద్‌నగర్ల ఆడుతున్నదని టాకీస్‌ల మనిషి చెప్పిండు. ఆదివారం బస్సెక్కినం.

ఆడ రీలు బాగ అరిగింది, తెర మీద గీతలే గీతలు. స్టేషన్ వచ్చింది. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఒక్కసారి తెర గుంజినట్టయింది, అప్పటికే ఆ పిల్ల రైల్ల కూసోనున్నది. నడుమ ఏం లేదు. ఆయన రాలేదు.

ఆట అయిపోయినంక ఆపా మెట్లెక్కి సినిమా మిషిన్ నడిపేటాయన అర్ర ముందల నిలబడ్డది. నేను ఎన్కనే పోయిన.

"స్టేషన్ కాడ ఒక ముక్క లేదు భయ్యా" అన్నది.

ఆయనకు ఏం అర్థం కాలేదు. "పాత రీలమ్మా. తెగితె ఆ జర్ర కోసి మల్ల అంటిస్తం."

"కోసింది ఏం చేస్తరు?"

"పారేస్తం."

"ఏడ పారేస్తరు?"

ఆయన నా దిక్కు చూసిండు. మెట్ల కింద మూలకున్న చెత్తకుప్పను చూపిచ్చిండు. ఆపా బురఖాతోనే కూసోని ఒక్కొక్క ముక్క ఏరి ఎండకు పట్టి చూసింది. నేను గూడ చూసిన. ఒక దాంట్ల ఎవరిదో చెయ్యి, ఒక దాంట్ల గోడ, ఇంకో దాంట్ల ఎవరో ఎరుకలేని ఆడామె నవ్వుతున్నది. పొద్దు వాలేదాంక ఏరినం. ఆయన దొరకలేదు. ఆపా చేతులు దులుపుకొని లేచింది, "పోదాం పా" అన్నది. తర్వాత నేనున్నన్ని దినాలు ఆ ముచ్చట మల్ల ఎత్తలేదు. ఊదా చీర గూడ మల్ల కట్టంగ చూడలేదు.

నాకు నల్లగొండ దిక్కు బదిలీ అయింది, పెండ్లయింది, పిల్లలైండ్రు. ఏండ్ల తర్వాత పాలమూరుకు పనిమీద పోయినప్పుడు ఆపాను చూద్దామని కొత్తకోట దాంక పోయిన. ఆపా ఇంటి గోడలకు కొత్తగ సున్నమేసి ఉన్నది. వాకిట్ల మంచం మీద తెల్లటి గడ్డమున్న మనిషి కూసోనున్నడు.

ఆపా నన్ను చూసి ఏడ్చింది, నవ్వింది. "మా ఆయన. పోయినేడు వచ్చిండు" అన్నది.

నేను ఆయన మొఖమే చూసిన. ఎడమ భుజం కిందికున్నది.

"బొంబాయిల ఏ దిక్కుండేటోళ్లు?" అని అడిగిన.

"బొంబాయా?" అన్నడు. "పోదామనే బయలెల్లిన అమ్మా. నడుమ షాద్‌నగర్ల ఫ్యాక్టరీల రంగుల పని దొరికింది, ఆడనే దిగిన. ఆడనే ఉండిపోయిన. బొంబాయి నేను ఎన్నడు చూడలేదు."

ఆపా, నేను ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. ఆయనకు ఆడ ఇంకో పెండ్లాం, ఇంకో ఇల్లు ఉండేదట. ఆమె కాలం చేసినంక, ఊపిరి సరిగ ఆడక పని మాని ఇటొచ్చిండట. ఆ సంగతి ఆపా నాకు చాయ్ పోసుకుంట, దవాఖాన ఖర్చుల ముచ్చట చెప్పినట్టే చెప్పింది.

సాగనంపనీకి సడక్ దాంక వచ్చింది. బస్టాండుల సిమెంటు గద్దె మీద కూసున్నం.

"మందులిస్తున్న, రొట్టె పెడుతున్న. మంచిగనే ఉన్నడు, ఒక్క మాట అనడు" అన్నది. "గని టీచరమ్మా, తెర మీద నన్ను గట్ల చూసింది ఈయన కాదు."

"మరి ఆయనెవరు ఆపా?"

"నాకేమెరుక? ఎవరో. ఈయన ఇంటికొచ్చిండు గని ఆయన ఇంక రాలేదనిపిస్తది." బురఖా అంచు ఏలుకు చుట్టుకున్నది. "రోజు ఈయన మొఖం చూసి చూసి ఆ మొఖం చెరిగిపోతాంది. నీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"ఎట్లుంటడో చెప్పు."

నేను చెప్పిన. నుదురు ఎట్లుంటదో, వానకు తడిసిన వెంట్రుకలు ఎట్ల అతుక్కున్నయో, రంగు డబ్బాలు పట్టుకొని ఆగినప్పుడు ఏదో అడుగుదామన్నట్టు పెదవులు ఎట్ల జర తెరిచిండో చెప్పిన. ఇంట్ల నా భర్తకు గూడ ఎన్నడు చెప్పనియి అవి. ఆపా కండ్లు మూసుకొని ఇన్నది. నల్లగొండ దిక్కు పోయే బస్సు వచ్చి, ఆగి, పోయింది. ఇద్దరం లేవలేదు.